ఎడమకు వాలిన ముడి

పట్టు తివాచీ కనిపిస్తే ఎవరైనా ముందు దాని ముఖమే చూస్తారు. పూలు చూస్తారు, రంగులు చూస్తారు, చెప్పు విడిచి మెత్తగా ఉందా లేదా అని కాలితో నొక్కి చూస్తారు. గోరుమాస్టారు మాత్రం నలభై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్కనాడు కూడా తివాచీ ముఖం చూసి మాట చెప్పలేదు. ఆయన మేడమెట్లు ఎక్కుతున్నారని తెలియగానే కొట్లో పనివాళ్ళు తివాచీని బోర్లా పరిచి పక్కకు తప్పుకునేవారు. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, కుడి బొటనవేలి గోటితో తివాచీ వీపు మీద పైనుంచి కిందికి ఒక్క గీత గీసేవారు. గోటి కింద ముడులు సన్నగా పలికేవి. ఆ పలుకు విని, అంగుళానికి ఎన్ని ముడులో, ఎంతమంది చేతులు పడ్డాయో, పడుగు పట్టా నూలా, అన్నీ చెప్పేసేవారు. అందుకే ఆయనకు ఆ పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు పింఛను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

"ముఖం అమ్మేవాడి మాట, వీపు నేసినవాడి మాట. నేను రెండోవాడితోనే మాట్లాడతాను" అనేవారు.

ఆయన సాధించినవి కొన్నైనా చెప్పకపోతే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. ఆయన చేతి సంతకంతో వెళ్ళిన సర్టిఫికెట్లు నాలుగు వేల నూట పదిహేను. పెద్ద ప్రదర్శనశాలవారు నూరేళ్ళనాటిదని అద్దాల్లో పెట్టిన తివాచీని ఆయన ఒక్కసారి తిరగేసి, ఎనిమిదేళ్ళకు మించదని తేల్చారు. రంగు పైకొసలకే వెలిసింది, మొదళ్ళు కొత్తపెళ్ళికొడుకులా నిగనిగలాడుతున్నాయి, ఎండలో ఆరేసి ముసలిదాన్ని చేశారు అన్నారు. కాలేజీ చదువుల నిపుణులు ముగ్గురు వారం రోజులు కొట్టుకున్న ఇంకో తివాచీ నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల వెలిగించి, "పట్టయితే వెంట్రుక కాలిన వాసన రావాలి, ఇది కాగితం కాలిన వాసన. ఇంటికెళ్ళి పడుకోండి" అన్నారు. కోర్టులో సాక్ష్యానికి పిలిస్తే జడ్జిగారు "మీరేం చదివారు?" అని అడిగారు. "ఐదో తరగతి అండీ. మిగతాదంతా వీపుల మీద చదివాను" అన్నారు. కోర్టు హాలంతా నవ్వింది. తీర్పు ఆయన మాట ప్రకారమే వచ్చింది. ప్రశంసాపత్రాలు మూడు, గోడగడియారం ఒకటి, పేరు చెక్కిన ఇత్తడి పళ్ళెం ఒకటి ఇప్పటికీ ఆయన గదిలో ఉన్నాయి.

ఆయన భార్య కూడా ఆ కొట్లోనే పనిచేసేది. మేడ మీద ఈయన, కింద వెనకగదిలో ఆవిడ. కాలిన, చిరిగిన, ఎలుక కొట్టిన తివాచీలకు రఫ్ఫు చేసే ఆడవాళ్ళు ఆరుగురు ఆ గదిలో కూర్చునేవారు. వాళ్ళలో పెద్దచేయి ఆవిడదే. కొత్త పడుగు ఎక్కించి, రంగు కలిపి, ముడి ముడికీ ముడి వేసి, కత్తెరతో పైన నిలిచిన పట్టు నూగు సమం చేస్తే పోయిన పువ్వు లేచి కూర్చునేది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారేజీ విప్పుకుని మెట్ల కింద తినేవారు. మొదటి గిన్నె నుంచి చివరి గిన్నె దాకా మాట్లాడేది ఆయన. ఆవిడ వినేది. ముప్పై ఒక్క ఏళ్ళు అలా గడిచాక, తొమ్మిదేళ్ళ కిందట, ఆవిడ ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఆయన ఇంకో నాలుగేళ్ళు పనిచేసి మానుకుని, కూతురి ఇంట్లో ఉంటున్నారు.

మానుకున్నా ఆయన సంతకం మానలేదు. పాత కాగితాన్ని కొత్త చేయాలంటే ఆయన్నే పిలిచేవారు. పెద్ద షావుకారు పోయాడు, కొట్టు చిన్న షావుకారు చేతికొచ్చింది. అతను ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"మాస్టారూ, ఇరవై మూడేళ్ళ కిందట మీరు చూసిన తివాచీ తిరిగి అమ్మకానికి వచ్చింది. కొనేవాళ్ళు కొత్త తేదీతో సర్టిఫికెట్ అడుగుతున్నారు. పాతదే మళ్ళీ రాసి సంతకం పెడితే చాలు. పది నిమిషాల పని."

"పది నిమిషాలు మీకు. నాకు నాలుగు" అని చొక్కా తొడుక్కున్నారు.

ఆ రోజు తివాచీలు పరిచే మనిషి సెలవు పెట్టాడు. చిన్న షావుకారే దాన్ని మోసుకెళ్ళి, ఉత్తరం కిటికీ ముందు, తెలియక, ముఖం పైకి పెట్టి పరిచేశాడు. ఈయన గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ తలెత్తారు.

తివాచీకి ఒక వెలుగువైపు, ఒక చీకటివైపు ఉంటాయి. నూగు వాలిన దిక్కుకు నిలబడితే రంగులు తేలికగా, ఎదురుగా నిలబడితే ముదురుగా కనిపిస్తాయి. గుమ్మం చీకటివైపు ఉంది. అక్కడి నుంచి చూస్తే, నీలం అంచులో, మూడో పువ్వు దగ్గర, అరచేతంత మచ్చ. మిగతా నీలమంతా నిండుగా ఉండగా ఆ ఒక్కచోట మాత్రం బూడిద కలిసిన ఆకుపచ్చకు తిరుగుతోంది. నీళ్ళ అడుగు నుంచి ఒక ముఖం పైకి తేలుతున్నట్టు. రెండడుగులు పక్కకు జరిగితే లేదు. మళ్ళీ గుమ్మంలోకొస్తే ఉంది.

ఆ బూడిద పచ్చ ఆయనకు తెలుసు. అందరూ వాడే నీలం పాతబడితే ఎర్రబారుతుంది. ఒక్క ఆవిడ పెరటి పొయ్యి మీద తన చేత్తో కాచుకునే నీలం మాత్రమే ఇలా బూడిదకు తిరుగుతుంది. పాత ఇంటి గిన్నెలు తోమే తొట్టి అంచున, ఆవిడ రంగు ఒలికిన చోట, అదే పచ్చ ఏళ్ళ తరబడి ఉండేది.

"ఏమైంది మాస్టారూ, అక్కడే నిలబడిపోయారు?"

"దీన్ని తిరగెయ్యండి" అన్నారు.

తిరగేశారు. మోకాళ్ళ మీద కూర్చుని గోటితో గీశారు. టకటకమని సమంగా, ఎక్కడా తడబాటు లేకుండా పలికింది. ఇంకోసారి. ఇంకోసారి. మచ్చ ఉన్న చోటు వెనక కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. నేసినప్పటి నేతలాగే ఉంది. పాత సర్టిఫికెట్ అడిగి తీసుకున్నారు. తన దస్తూరీయే: అచ్చమైన పట్టు. ఒకే చేతి నేత. ఎక్కడా మరమ్మతు లేదు.

"రెండు రోజులు ఆగండి" అన్నారు లేస్తూ.

"మీ కాగితం మీద మీకే అనుమానమైతే మా గతేంటండీ!" అని చిన్న షావుకారు నవ్వాడు. మాస్టారు చెప్పులు ఎడమది కుడికాలికి తొడుక్కుని మెట్లు దిగిపోయారు.

ఇంటికి వచ్చాక ఆయనకు కుదురు లేదు. ఆవిడ మరమ్మతు చేసింది. చేసిందే తన మేడ మీదికి వచ్చింది. తన గోటి కింద నుంచి దొంగలా దాటిపోయింది. ఇది ఒక్కటేనా? ఇంకెన్ని? నాలుగు వేల నూట పదిహేను ఇళ్ళలో, మంచాల కింద, బల్లల కింద, ఆవిడ నీలం మెల్లమెల్లగా బూడిదవుతూ ఉందేమో. తాను పడుకుని లేచేలోపల ఒక్కో మచ్చ ఒక్కో పూట పైకి వస్తోందేమో.

మధ్యాహ్నం కునుకు పట్టబోతుంటే పక్కగదిలో కత్తెర చప్పుడు వినిపించింది. చిన్న కత్తెర, నూగు సమం చేసేది. చిక్, చిక్. ఆగి, మళ్ళీ చిక్. లేచి వెళ్ళి చూస్తే కూతురు బడిపిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతోంది. చేతిలో కలం తప్ప ఏమీ లేదు.

"కత్తెర ఎక్కడ పెట్టావు?"

"ఏ కత్తెర నాన్నా?"

"ఇప్పుడు నువ్వు కత్తిరించింది."

"నేను మార్కులు కత్తిరిస్తున్నాను. పడుకోండి."

పడుకోలేదు. గోడ మీద చెమ్మ మరక కనిపిస్తే దగ్గరకెళ్ళి తడిమారు. దిండు గలీబు మీద ఎండ పడి వెలిసిన చోట వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నారు. అన్నం దగ్గర కుడి బొటనవేలు దానంతటదే బల్లగుడ్డ మీద కిందికీ పైకీ నడుస్తోంది.

"నాన్నా, ఆ గుడ్డ గీకకండి, చిరుగుతుంది. దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు" అంది కూతురు.

"మీ అమ్మ నాతో ఎప్పుడైనా అబద్ధం ఆడిందంటావా?"

"రోజుకు నాలుగు. కూర బాగుందని మీరు ఆడినవి కలిపితే ఎనిమిది" అని నవ్వి, ఆయన ముఖం చూసి ఆపేసింది. "నిజంగానే అడుగుతున్నారా? అమ్మ ఎవరితోనైనా అబద్ధం ఆడిందంటే నేను నమ్మను. మాట్లాడితే కదా అబద్ధమో నిజమో ఆడటానికి. మీరు ఆవిడకు సందు ఇచ్చిందెప్పుడు?"

ఆయన చేతిలోని ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టేశారు. ఇరవై మూడేళ్ళ కిందటి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఇదే తివాచీ చూసి ఇంటికొచ్చి, "ఈ రోజు ఒక నీలం అంచుది చూశాను. నేసిన చేతికి దండం పెట్టాలి, ఒక్క పోగు కదల్లేదు" అని చెప్పారు. ఆవిడ వడ్డిస్తున్న గరిటె ఆపి, "బాగా చూశారా?" అంది. "నేను చూశాక ఇంక చూడటానికి ఏముంటుంది?" అన్నారీయన. ఆవిడ మళ్ళీ వడ్డించడం మొదలెట్టింది. ఆ రోజు గర్వంగా తోచిన ఆ నిమిషం ఇప్పుడు తిరగబడి ఇంకోలా కనిపిస్తోంది. ఆవిడ లోపల నవ్వుకుందా? మొగుణ్ణి వెర్రివాణ్ణి చేశానని మురిసిందా?

ఆయన ముందు ఉన్నవి రెండే దారులు. పాత కాగితం మీద మళ్ళీ సంతకం పెడితే, తెలిసి తెలిసి రాసిన మొదటి అబద్ధం అవుతుంది. ఇంకో నాలుగైదేళ్ళలో మచ్చ అందరి కళ్ళకూ కనిపిస్తుంది, అప్పటికి తాను ఉండకపోవచ్చు. కాదు, మరమ్మతు ఉందని రాస్తే, ఇంతకాలం ఎందుకు కనబడలేదని అడుగుతారు. అప్పుడు చెప్పడానికి ఒకటే మాట ఉంది. రఫ్ఫు చేసినవాళ్ళు కనబడకుండా మోసం చేశారని. ఆ చేసినవాళ్ళెవరో ఆ వీధిలో అందరికీ తెలుసు. తన పేరు నిలబడాలంటే పోయినదాని పేరు మట్టిలో కలవాలి. ఆవిడ పేరు నిలవాలంటే తాను అబద్ధం రాయాలి.

తెల్లవారాక ఆయన సూదిమరదలి ఇంటికి వెళ్ళారు. ఆమె ఆవిడ పక్కపీట మీద ముప్పై ఏళ్ళు కూర్చుని రఫ్ఫు చేసిన మనిషి. చుట్టరికం ఏమీ లేదు. ఆవిడను అక్కా అనేది కాబట్టి ఈయన బావగారయ్యారు. ఇప్పుడు చూపు తగ్గి పని మానేసింది. చేతికి ఊసుపోక పాత దుప్పటి అంచులు కుడుతూ వరండాలో కూర్చుని ఉంది.

"రండి బావగారూ! గోటికి పదును తగ్గిందా, ఇటు దారి తప్పారు?"

"హాస్యానికి రాలేదు" అంటూ కూర్చుని, జరిగింది చెప్పారు. చివర్న, "మీ అక్క నన్ను మోసం చేసింది. మీరంతా కలిసి చేశారు" అన్నారు.

ఆమె సూది దుప్పటికి గుచ్చి, ఆయన వంక చాలాసేపు చూసింది.

"మీరు దాని ముఖం తడిమారా?"

"నేను ముఖం చూడను."

"తెలుసు. ఊరంతా తెలుసు. అక్కకీ తెలుసు, పాపం. అయినా ఎదురుచూసింది."

లోపలికెళ్ళి, పాత సూదులపెట్టె అడుగు నుంచి అరచేతంత పట్టు తివాచీ ముక్క తెచ్చింది. పని నేర్పేందుకు ఎప్పుడో చేసుకున్నది. దాన్ని ఆయన ఒళ్ళో ముఖం పైకి పెట్టింది.

"పై నుంచి కిందికి కాదు. అడ్డంగా. అరచెయ్యి పెట్టి ఎడమ నుంచి కుడికి తొయ్యండి. గోరు కాదు బావగారూ, అరచెయ్యి!"

తోశారు. పట్టు నీళ్ళలా చేతి వెంట కదిలింది. కదులుతూ కదులుతూ, ఒక్కచోట మాత్రం ఒక్క కుచ్చు ఎదురు తిరిగింది. గుచ్చుకోలేదు. అలిగిన మనిషి ముఖం అటు తిప్పుకున్నట్టు, అంతే. మళ్ళీ తోశారు. మళ్ళీ అక్కడే.

"ముడులన్నీ కుడికి వాలతాయి. రఫ్ఫు పూర్తయ్యాక ఆఖరి ముడిని ఎడమకు వేస్తాం. మాకు నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు. వెనకవైపు మాత్రం తేడా తెలియదు. ఏ తివాచీకి చేశామో మేం నోరు విప్పకూడదని పెద్ద షావుకారు కట్టడి. మా నోటికే కట్టడి, ముడికి కాదు. మేడ మీద చూసేవాళ్ళుంటారు, వాళ్ళు పట్టుకుంటారు, మన పాపం మనకు అంటదు అనుకునేవాళ్ళం."

"మేడ మీద ఉన్నది నేను."

"అవును, మీరే."

వీధిలో ఎవరో బండి తాళం చెవి పోయిందని వెతుక్కుంటున్నారు.

"అక్క మొదట్లో ఒక్క ముడే వేసేది," అంది ఆమె మెల్లగా. "తను చేసిన తివాచీ పైకి వెళ్ళిందంటే సూది ఆపి మెట్లవంక చూసేది. మీరు దిగి వచ్చేవారు, క్యారేజీ విప్పేవారు, జడ్జిగారి కథ చెప్పేవారు. కొన్నేళ్ళకు మూడు ముడులు వేయడం మొదలెట్టింది. ఎందుకక్కా, ఒకటి చాలదా అంటే, ఆయన పెద్ద పనిలో ఉంటారు, ఒకటి దాటిపోవచ్చు అంది. ఇంకొన్నేళ్ళకు వరుసంతా ఎడమకు వేసింది. అడ్డంగా చెయ్యి పెడితే గుడ్డివాడికైనా తెలుస్తుంది. పట్టుబడితే షావుకారు తనను పనిలోంచి తీసేస్తాడని తెలిసే వేసింది."

"ఇంట్లో నాతో ఒక్క మాట అనొచ్చు కదా!"

"ఏమని? మీరు ఇంట్లో కూడా జడ్జిగారితో మాట్లాడినట్టే మాట్లాడేవారు. సాక్షికి అడ్డుతగలకూడదు కదా."

మాస్టారు ఒళ్ళోని ముక్క తీసి పక్కన పెట్టబోయి, మళ్ళీ ఒళ్ళోనే ఉంచుకున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ గెలిచి, కోర్టు గెలిచి, ప్రదర్శనశాల గెలిచి, ఒక్క అరచేతంత చోట ముప్పై ఏళ్ళు ఓడిపోతూ వచ్చారు, ఓడిపోతున్నట్టు తెలియకుండా.

ఆ మధ్యాహ్నమే కొట్టుకు వెళ్ళారు. "తిరగెయ్యనా?" అని చిన్న షావుకారు అడిగితే "వద్దు, ముఖం పైకే ఉండనివ్వండి" అన్నారు. కొట్లో పనివాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, గోరు లోపలికి మడిచి, అరచేతిని మూడో పువ్వు మీద పెట్టి అడ్డంగా తోశారు.

మూడు ముడులు. పువ్వు అంచున, పక్కపక్కన, మూడూ ఎడమకు వాలి ఉన్నాయి. ఇరవై మూడేళ్ళుగా ఎవరెవరో వాటి మీద నడిచారు, కుర్చీలు లాగారు. అవి మాత్రం అటే ముఖం పెట్టుకుని ఉన్నాయి. ఆయన చెయ్యి తియ్యలేదు. వెచ్చగా తగిలింది. పట్టును రుద్దితే వెచ్చబడుతుందని ఆయన ఎంతమందికో పాఠం చెప్పారు. ఇక్కడ రుద్దలేదు, ఒక్కసారి తోసి ఊరికే పెట్టారు.

"కాగితం ఇవ్వండి" అన్నారు.

నిటారుగా కూర్చుని తన గుండ్రటి అక్షరాలతో రాశారు. "అచ్చమైన పట్టు. నీలం అంచులో మూడో పువ్వు వద్ద మరమ్మతు ఉన్నది. మరమ్మతు చేసినవారు దాచలేదు, గుర్తు పెట్టారు. పాత సర్టిఫికెట్‌లో లేదని రాయడం నా తప్పు. ఆ గుర్తు నేను చూడలేదు." కింద సంతకం, తేదీ.

చిన్న షావుకారు చదివి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇది సర్టిఫికెట్టా, క్షమాపణ ఉత్తరమా? మాస్టారూ, దీన్ని కొనేవాళ్ళకు చూపిస్తే వాళ్ళు ఈ ఒక్కదానితో ఆగుతారా? మీరు సంతకం పెట్టిన ప్రతి ఇంటివాళ్ళూ రేపు ఇక్కడికొచ్చి క్యూ కడతారు."

"రానివ్వండి."

"రఫ్ఫువాళ్ళు మోసం చేశారని రాయండి, సరిపోతుంది. వాళ్ళు కూడా ఇప్పుడు ఎవరున్నారని? మీ పేరు చెడదు, మా కొట్టు పేరూ చెడదు."

"వాళ్ళు చేయలేదు. చేయని పని ఎలా రాయను?"

"పెద్దవారు, ఆలోచించండి."

"నిన్నంతా ఆలోచించాను. పెద్దవాణ్ణి కాబట్టే రాశాను. పెద్దవాణ్ణని ఇన్నాళ్ళూ ఆలోచించలేదు."

చిన్న షావుకారు కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ, "ఇక ఈ వయసులో మీకు శ్రమ ఎందుకు లెండి" అన్నాడు, చాలా మర్యాదగా. అంటే ఇక పిలవనని. నలభై రెండేళ్ళు ఎక్కి దిగిన మెట్లను మాస్టారు గోడ పట్టుకుని ఒక్కొక్కటే దిగారు.

కత్తెర చప్పుడు ఆగిందా అంటే ఆగలేదు. కాకపోతే ఇప్పుడు ఆయన లేచి వెళ్ళి వెతకడం మానేశారు. విని కూర్చునేవారు. అది ఆగితే, "పని అయింది, ఇంక మేడ మీదికి పంపిందన్నమాట" అనుకునేవారు.

సూదిమరదలు తనకు గుర్తున్నంతవరకు అక్క చేసి మేడ మీదికి పంపిన తివాచీలు పదకొండని లెక్క చెప్పింది. మాస్టారు తన దగ్గరున్న సర్టిఫికెట్ల రిజిస్టర్లో వాటి ఇళ్ళ ఆనవాళ్ళు వెతికాక, ఇద్దరూ కలిసి బయలుదేరారు. ఆయన పిలవని ఇంటి గడప తొక్కినవారు కాదు. ఇప్పుడు గుమ్మాల్లో నిలబడి, "మీ తివాచీ ఒకసారి చూస్తానండీ, నేను రాసినదాంట్లో తప్పు ఉండొచ్చు" అని అడిగారు. కొందరు తలుపు వేశారు. ఒకాయన, "మేం అడగందే తప్పు వెతుక్కుంటూ వచ్చేవాణ్ణి ఇదే మొదటిసారి చూడటం, ఏదో కిటుకు ఉంది" అని కుక్కను వదిలినంత పని చేశాడు. నాలుగు ఇళ్ళవాళ్ళు మాత్రం రానిచ్చారు. ఒకచోట ఒక్క ముడి దొరికింది. ఒకచోట మూడు. ఇంకొకచోట, భోజనాల బల్ల జరిపించి తడిమితే, నిండు వరుస. చేతికి తగలగానే మాస్టారు కళ్ళు మూసుకున్నారు. "ఇంత గట్టిగా పిలిచిందా" అన్నారు. సూదిమరదలు పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

నాలుగోది ఒక డాక్టరమ్మ ఇల్లు. మాస్టారి భార్య పోవడానికి నాలుగు నెలల ముందు చేసిన తివాచీ అది. సిగరెట్టు పడి కాలిన తివాచీ కింద గదికి రావడం సూదిమరదలు కళ్ళారా చూసింది. "ఏ మూల కాలిందో గుర్తులేదు బావగారూ. అప్పటికే అక్క చేతులు వణికేవి. మా ఎవరికీ ఇవ్వలేదు. తనే చేసింది. వారం పట్టింది."

మాస్టారు ఆ దారంతా గబగబా నడిచారు. ఒకటి, మూడు, వరుస. ఇక దీనిలో ఏముంటుందో! రెండు వరుసలా? పువ్వు పువ్వంతా ఎడమకా? డాక్టరమ్మ సామాను జరిపించి, కిటికీలు తెరిపించి, పని ఉందని పక్కగదిలోకి వెళ్ళింది. ఆయన ఒక మూల నుంచి మొదలుపెట్టారు. అరచేయి ఎడమ నుంచి కుడికి. జానెడు జరగడం, మళ్ళీ ఎడమ నుంచి కుడికి. అంచులు అయ్యాయి. మధ్య వలయం అయింది. నూగు అంతా ఒకే దిక్కుకు, ఒద్దికగా, అడ్డులేకుండా చేతి వెంట కదిలింది. చీకటివైపు నిలబడి చూశారు. రంగు ఇంకా వెలవలేదు, మచ్చ లేదు. రెండోసారి మొదటి నుంచి వెతికారు. గంటంబావు అయింది. మోకాళ్ళు ఎర్రగా కందిపోయాయి.

"ఇదేనా నువ్వు చెప్పింది? సరిగ్గా ఇదేనా?"

"ఇదే బావగారూ. అంచున ఈ ఎర్ర కుచ్చులు నేనే కట్టాను."

ఆయన చెయ్యి నేలకు ఆనించి, తివాచీ మధ్యలో అలాగే కూర్చుండిపోయారు. ఆవిడ ఆఖరి ముడి కూడా కుడికే వేసింది. మిగతా ముడులన్నిటిలాగే.

డాక్టరమ్మ వచ్చి, "ఏమండీ, మరమ్మతు ఉందా లేదా?" అని అడిగింది.

"ఉందమ్మా."

"ఎక్కడ?"

"కనిపించలేదు."

"కనిపించకపోతే లేనట్టే కదా?"

"లేనట్టు కాదు. నాకు చూపించడం మానేసినట్టు."

ఆమెకు అర్థం కాలేదు. అయినా పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, అడిగితే ఒక తెల్లకాగితం తెచ్చి ఇచ్చింది. "మరమ్మతు ఉన్నది. ఎక్కడో నాకు తెలియలేదు" అని రాసి సంతకం పెట్టి ఆమె చేతికిచ్చారు. సూదిమరదలు ఆయన మోచెయ్యి పట్టుకుంది. గుమ్మానికి దగ్గరదారి తివాచీ మీదుగానే. ఆయన మాత్రం గోడవారగా, తివాచీ అంచు కాలికి తగలకుండా, చుట్టూ తిరిగి వెళ్ళారు.